జవాబివ్వని తొమ్మిదో నంబరు

మొన్న బ్యాంకులో ఒక కుర్రాడి మీద అరిచాను. పాపం, అరవాల్సినంత తప్పేమీ చేయలేదు. నా పాసుపుస్తకం తీసుకుని కంప్యూటర్లో ఏదో కొట్టాడు. తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది. చదవకుండానే ఒక మీట నొక్కి దాన్ని మాయం చేశాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాడు. "ఏంటి బాబూ అది?" అని అడిగితే "ఏం లేద్సార్, రోజూ వచ్చేదే" అన్నాడు నవ్వుతూ. అంతే, ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది. "రోజూ వస్తుందంటే రోజూ ఏదో అవుతున్నట్టే కదయ్యా! ఒక్కసారన్నా చదివావా?" అని గట్టిగా అనేశాను. వరసలో నా వెనక నిలబడ్డవాళ్లు ఒకడుగు దూరం జరిగారు. ముసలాయనకు బీపీ ఉన్నట్టుంది అని ఎవరో గొణిగారు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే "ఆ మాట మీది కాదుగా, అక్కది" అంది. నిజమే. నాకంత తెలివెక్కడిది? మణుగూరులో నాతోపాటు పనిచేసిన ఒకావిడ మాట అది. మేమంతా అక్క అనేవాళ్లం. పేరు రాయను. కాలనీలో ఆమె పేరు చుట్టూ అప్పటికే చాలినన్ని మాటలు తిరిగాయి, ఇప్పుడు నేనూ ఒకటి తగిలించడం ఎందుకు? ఆమె పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఆఖరి చూపుకు కూడా నోచుకోలేదు. బ్యాంకు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆమే కళ్లముందు మెదులుతోంది.

ఆ గనుల ఆఫీసులోకి కంప్యూటర్లు కొత్తగా వచ్చిన రోజులు. బొగ్గు గని ఆఫీసంటే తెలుసుగా, ఎక్కడ చెయ్యి పెట్టినా నల్లగా అంటుకుంటుంది. అలాంటిచోట ఒక్క గదికి మాత్రం అద్దాల తలుపులు, ఏసీ, కింద మెత్తటి తివాచీ. చెప్పులు బయట విడిచి రావాలని రూలు. ఆ రూలు ఎవరు పెట్టారోగానీ నడిపించింది మాత్రం అక్క. ఇంజనీరు సారైనా సరే బూట్లు విప్పాల్సిందే. ఆయన మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లుండేది. "సారూ, గది జర కుట్టిపియ్యరాదుండ్రి, వేలు బయటికొచ్చి మమ్మల్నే జూస్తున్నది" అనేది మొహం మీదే. ఆయన నవ్వి కాళ్లు బల్ల కిందికి లాక్కునేవాడు.

నేను మధిర పక్క నుంచి వచ్చినవాణ్ణి. నా మాట వింటే ఆమెకు భలే వేళాకోళం. "ఏంటక్కా" అంటే చాలు, "ఏంటక్కా కాదు బిడ్డా, ఏందక్కా అను. లేకుంటే ఈ బొగ్గు నిన్ను తనోడనుకోదు" అనేది. ఆమెది టేకులపల్లి అవతల అడవిలో చిన్న ఊరు. పొట్టి మనిషి. ఏసీ చలికి చీర మీద మగవాళ్ల స్వెటర్ ఒకటి, చేతులు మడిచి వేసుకునేది. ఎప్పుడూ ఏదో ఒకటి వండి తెచ్చి అందరికీ పంచేది. తినకపోతే అలిగేది. దసరాకు ప్రింటరుకు పసుపు రాసి కుంకుమ పెట్టేది. ఆ కుంకుమ రాలి లోపల పడుతుందని సారు మొత్తుకుంటే, "ఇంత పనిజేస్తది, దానికి బొట్టు గూడ వద్దా సారూ?" అనేది.

ఆమె చేసే పని ఏమిటో చెప్పాలి. గనిలో కింద అక్కడక్కడా చిన్న యంత్రాలు వేలాడదీశారు. గాలిలో విషవాయువు ఎంతుందో అవి కనిపెట్టాలి. పైన మా గదిలోని కంప్యూటరు ఆ యంత్రాలను వరసగా ఒక్కొక్కదాన్నీ పలకరిస్తుంది. అవి జవాబిస్తాయి. ఆ అంకె తెర మీద పడుతుంది. ఏదైనా జవాబివ్వకపోతే, ఫలానా నంబరు పలకలేదు అని లాగ్‌లో ఒక వరస రాసుకుంటుంది. లాగ్ అంటే కంప్యూటరు తన పని ఎలా నడుస్తోందో తానే రాసుకునే దినచర్య అనుకోండి. ప్రింటరు అదంతా పొడుగాటి కాగితం మీద గరగరా కొట్టిపెట్టేది.

పొద్దున రాగానే మేమంతా చాయ్ కోసం కాంటీను దారి పట్టేవాళ్లం. అక్క మాత్రం ముందు ఆ కాగితం చింపుకుని, నిలబడే, ఒక్కో వరస మీద వేలు పెట్టి చదివేది. పెదవులు కదిలేవి. కొత్తగా వచ్చినవాళ్లు ఏదో స్తోత్రం చదువుతోందనుకునేవారు. చదవడం అయ్యేదాకా పలకరిస్తే ఊరుకునేది కాదు. "చెప్పేది వినాలె ముందు. చాయ్ ఎటు పోతది?" అనేది.

ఆ కాగితంలో రోజూ ఒకే తప్పు. తొమ్మిదో నంబరు జవాబివ్వలేదు. కాసేపటికి మళ్లీ మామూలే. మర్నాడు మళ్లీ అదే. కరెంటు పనివాళ్లు ఒకటికి రెండుసార్లు దిగి చూసి వచ్చారు. వైరు బాగుంది, యంత్రం బాగుంది, మీ కంప్యూటరుకే దయ్యం పట్టిందన్నారు. "రోజూ వచ్చేదే కదమ్మా, వదిలెయ్" అన్నాడు సారు. అప్పుడు అందామె ఆ మాట. "రోజూ వస్తుందంటే రోజూ ఏదో అయితున్నట్టే గద సారూ. ఊకె మొత్తుకునేటందుకు దానికేం పనిలేదా?"

ఒకరోజు నన్ను పిలిచి లాగ్ కాగితం తెర పక్కన పట్టుకుంది.

"తమ్మీ, గిటు రా. ఈడ తొమ్మిది పలుకలేదని రాసిందా? మరి తెర మీద దాని అంకె యాడికెళ్లి వచ్చింది?"

"అది పాత అంకె అక్కా. కొత్తది వచ్చేదాకా పాతదే చూపిస్తూ ఉంటుంది. ప్రోగ్రాం అలా రాశారు."

"అంటే పలుకకపోయినా పలికినట్టే చూపెడతది."

"అవునక్కా."

"సచ్చినోణ్ణి బతికున్నడని చెప్పినట్టు!" అంది విసురుగా. అని, ఆగిపోయింది. నోట్లోంచి వచ్చాక ఆ మాట ఎవరికి తగులుతుందో ఆమెకు తెలిసినట్టుంది. కాగితం మడతపెట్టి సొరుగులో పెట్టేసింది. నాకప్పుడు ఆమె సంగతి సగమే తెలుసు.

సగమేమిటంటే, ఆమె భర్త గనిలో ప్రమాదంలో పోయాడని. మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇవ్వడం బొగ్గు గనుల్లో ఉన్నదే. అలా ఆమెకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్ చదివింది, టైపు వచ్చు, కాబట్టి మొదట ఆఫీసులో గుమాస్తాగా వేసి, కంప్యూటర్లు వచ్చాక ఇటు మార్చారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. కాలనీలో గుసగుసలాడేది మిగతా సగం గురించి. ఆమె బొట్టు తీయలేదు. గాజులు తీయలేదు. పెత్రమాస వస్తే పోయినవాళ్ల పేరు మీద ప్రతి ఇంట్లోనూ బియ్యం ఇస్తారు, వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. ఆమె ఏనాడూ పెట్టలేదు. ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఒక పెద్దావిడ పంపు దగ్గర ఉండబట్టలేక అడిగేసిందట. దానికి అక్క బిందె నెత్తిన పెట్టుకుంటూ, "ఆయన పోయింది ఎవరు జూసిండ్రో నాకు చూపియ్యుండ్రి పెద్దమ్మా, గీడనే తీస్త" అందట. ఆ తర్వాత మళ్లీ ఎవరూ అడగలేదు.

ఎవరూ చూడలేదు. అదీ నిజం.

ఈ సంగతి నాకు పూర్తిగా తెలిసింది, తొమ్మిదో నంబరు తీసేయమన్న రోజున. పైనుంచి పెద్దసార్లు తనిఖీకి వస్తున్నారు. లాగ్‌లో రోజూ అదే తప్పు కనబడితే బాగుండదని మా సారు దిగులు. చెడ్డవాడు కాదాయన. బూట్లు విప్పి లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని, చాలా మెల్లగా చెప్పాడు.

"అమ్మా, తొమ్మిదిని లిస్టులోంచి తీసేద్దాం. అది గోడ కట్టి మూసేసిన జాగ పక్కన ఉన్నది. ఆడ బొగ్గు తీస్తలేం. ఇగ దాన్ని అడుగుడు ఎందుకు, అది పలుకకపోవుడు ఎందుకు?"

అక్క లేచి నిలబడింది. "నేను తియ్య సారూ."

"నువ్వు తియ్యకపోతే తమ్ముడు తీస్తడమ్మా."

"గోడకు ఇవతల మనుషులు తిరుగుతలేరా? గోడలోపలికెళ్లి గాలి బయటికొస్తే ముందుగాల చెప్పేది అదొక్కటే. అది నోరు మూసుకుంటున్నదంటే ఎందుకో జూడాలె గాని, పీకి పారేస్తరా?"

సారు ఆమె మొహంలోకి చూడలేక నావైపు చూశాడు. "సరే. పెద్దసార్లు వచ్చేదాకా టైమిస్తున్న. ఆలోపు ఎందుకో పట్టుకో. పట్టుకోకపోతే మాత్రం తీసుడే" అని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకోగానే నేను ఉండబట్టలేక అడిగాను. "ఎందుకక్కా ఆ తొమ్మిది మీద అంత పట్టుదల? మిగతావన్నీ పలుకుతున్నాయిగా."

మా గదిలో గోడ మీద గని పటం ఉండేది. సొరంగాలు, మలుపులు, యంత్రాల నంబర్లు అన్నీ గీసి ఉండేవి. ఒక మూల కొంతమేర ఎర్ర పెన్సిలుతో అడ్డగీతలు కొట్టి ఉండేది. దాన్ని ఆనుకునే తొమ్మిది అని అంకె. అక్క కుర్చీ ఎప్పుడూ ఆ పటానికి ఎదురుగానే ఎందుకుండేదో నాకు అంతదాకా తట్టలేదు. లేచి వెళ్లి ఆ ఎర్రగీతల మీద వేలు పెట్టింది.

"ఇగో, మీ బావ గిక్కడున్నడు" అంది.

కింద బొగ్గు అంటుకుంది. మంట ఆగలేదు. లోపల నలుగురు చిక్కుకుపోయారు. తేవడానికి వెళ్లినవాళ్లు పొగకు తట్టుకోలేక వెనక్కి వచ్చారు. మళ్లీ వెళ్లారు, మళ్లీ వచ్చారు. గాలి తగిలినకొద్దీ మంట పెరుగుతుంది, గని మొత్తం పోతుంది, మిగతావాళ్లూ పోతారు. ఇక దారిలేక ఆ మేర ఇటుకలతో గోడ కట్టి మూసేశారు. నలుగురూ ఆ గోడ వెనకే ఉండిపోయారు. ఆ తర్వాత దాన్ని తెరవలేదు. ఇదంతా అక్క ఏడవకుండా, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. 

"శవాన్ని తెచ్చి ముంగట పెడితే ఏడుద్దును తమ్మీ. పొద్దుగాల సద్దిడబ్బా పట్టుకొని పోయిండు. గంతే నాకు తెలిసింది. ఆయనున్న కాడికెళ్లి నాకు వచ్చే కబురు ఈ తొమ్మిదో నంబరొక్కటే. గిది గూడ తీసేస్తే ఇగ నేను పొద్దుగాల లేసి ఏం సదువాలె?"

 

ఆ రోజు నుంచి ఆమె పట్టుదల చూడాలి. పాత లాగ్ కాగితాలన్నీ తివాచీ మీద పరిచింది. మోకాళ్ల మీద పాకుతూ ఎర్ర సిరాతో తొమ్మిది వచ్చినచోటల్లా సున్నాలు చుట్టింది. సాయంత్రానికి చీర కొంగంతా ఎర్ర మరకలు. ఆదివారాలు తప్పు రావడం లేదు. పండగలకూ రావడం లేదు. గని నడిచే రోజుల్లోనే, అదీ షిఫ్టు సగం గడిచాకే వస్తోంది. కరెంటువాళ్లు దిగి చూసింది ఎప్పుడూ షిఫ్టు మొదట్లో.

"చూసినవా? మనుషులున్నప్పుడే నోరు మూసుకుంటున్నది" అంది. "అంటే ఎవలో దాన్ని ముడుతున్నరు."

మర్నాడు మధ్యాహ్నమే గని ముందుకెళ్లి, షిఫ్టు దిగి పైకొచ్చే మనుషుల్ని ఆపి అడిగింది. ఆ పక్క పనిచేసే జట్టుకు కొమరయ్య అని ఒక సర్దారు. నెరిసిన మీసాలు, భారీ మనిషి. జట్టును దించడం, గాలీ, గని పైకప్పూ చూసి పనిలోకి పంపడం, తిరిగి ఎక్కించడం అతని బాధ్యత. అంతటి మనిషి అక్కను చూడగానే తల దించేశాడు. "మాకేం తెల్వదమ్మా. మేం దాన్ని ముట్టలే" అని పక్కనుంచి వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ అంతే. ఆమె ఎదురుపడితే గనిమనుషులు తల దించుకునిపోవడం మామూలే. ఆ రోజు మాత్రం వాళ్లేదో దాస్తున్నారని నాక్కూడా అనిపించింది.

అప్పట్లో ఆడవాళ్లు గనిలోకి దిగకూడదు. చట్టం ఒప్పుకోదు. ఆమె ఇన్నేళ్లుగా ఆ గని పటం చూస్తోంది, ఆ గని గాలి లెక్క చూస్తోంది, కానీ లోపలికి ఒక్క అడుగు వేసే వీల్లేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు దిగి జూసి రా తమ్మీ" అంది.

"నేనా! గనిలోకా!" అన్నాను. కంప్యూటరు గదిలో చెప్పుల్లేకుండా తివాచీ మీద తిరిగేవాణ్ణి. నాకు మా ఇంటి చావిడిలో దీపం పోతేనే భయం.

"భయపడకు. నీకేమన్న అయితే నీ పెండ్లాన్ని నా పక్క కుర్చీల కూసోపెట్టుకుంట" అంది. అని తనే నవ్వింది. అలాంటి హాస్యం ఆమెకే చెల్లు. నేను తిట్టుకుంటూనే ఒప్పుకున్నాను. సారు కూడా "నీకేమన్న పిచ్చా?" అంటూనే అనుమతి కాగితం మీద సంతకం పెట్టాడు.

నెత్తిన టోపీ, దానికి దీపం, నడుముకు బెల్టు, బెల్టుకు ఇటుకంత బరువు బ్యాటరీ. కొమరయ్య జట్టుతో దిగాను. దారంతా ఏటవాలు, కాళ్ల కింద నీళ్లు. వాళ్లలో కొందరు అడవి ఊళ్లవాళ్లు, కోయ భాషలో ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు, బహుశా నా నడక గురించే. కొమరయ్య మాత్రం నావైపు చూడకుండా ముందు నడిచాడు. నేనెందుకొచ్చానో అతనికి తెలుసు.

తొమ్మిదో నంబరు దగ్గర నన్ను కూర్చోబెట్టి వాళ్లు పనికి లోపలికి పోయారు. ఒక్కణ్ణే. ఎదురుగా గోడ. అదే ఆ గోడ. సున్నం వేసి ఉంది. దాని పక్క దుంగకు మా యంత్రం, దానిపైన వైర్లు కలిసే ఇనుప డబ్బా, యంత్రం మీద చిన్న పచ్చదీపం వెలుగుతూ. గోడకు చెయ్యి ఆనించి చూశాను. ఎందుకు చూశానో తెలియదు. దేవుడి పేర్లన్నీ తలుచుకుంటూ కూర్చున్నాను.

తిండివేళకు జట్టంతా వచ్చారు. నన్ను చూసి కాసేపు తటపటాయించారు. చివరికి కొమరయ్య "ఏంజేస్తం, కూసోండ్రి" అన్నాడు. గోడ ఎదురుగా వరసగా కూర్చున్నారు. కొమరయ్య తప్ప అందరూ తమ దీపాలు ఆర్పేశారు. కొమరయ్య నడుం బెల్టు విప్పి, బ్యాటరీతో సహా ఆ ఇనుప డబ్బా కొక్కేనికి తగిలించి, దీపం గోడ మీద పడేట్టు తిప్పాడు. సున్నం గోడ మీద పడిన వెలుగు అందరికీ సరిపోయింది. అదే క్షణంలో యంత్రం మీది పచ్చదీపం ఆరిపోయింది. నేను లేచి ఆ బ్యాటరీని చేత్తో పైకెత్తాను. వెలిగింది. వదిలాను. ఆరింది. బరువుకు డబ్బా వంగి లోపల అతుకు ఊడుతోంది. ఇంతే! ఇన్నాళ్ల దయ్యం ఇదే! నాకు అరిచి గంతేయాలనిపించింది.

"ఇక్కడే ఎందుకు కూర్చోవడం? అవతల బోలెడు చోటుందిగా" అన్నాను.

 వాళ్లు తిండి డబ్బాలు విప్పారు. కొమరయ్య ఒక మోదుగాకు తీసి గోడ మొదట్లో పరిచాడు. ఒక్కొక్కరూ తమ డబ్బాలోంచి మొదటి ముద్ద తీసి, లేచి వెళ్లి, ఆ ఆకులో పెట్టి వచ్చారు. చివర కూర్చున్న కోయ యువకుడు ముద్ద పెడుతూ తన భాషలో ఏదో అన్నాడు. ఆ ప్రమాదం నాటికి అతను గనిలో కూడా లేడు. అందరూ పెట్టాకే తినడం మొదలుపెట్టారు.

"పైన చెప్పకుండ్రి సారూ" అన్నాడు కొమరయ్య, నా చేతిలో ఇంత అన్నం పెడుతూ. "మూసిన గోడ కాడ కూసోవద్దని రూలున్నది. తెలిస్తే లేపుతరు. కని ఆళ్లు నలుగురే ఆడ ఉండంగ, మేం యాడనో మూలకు పోయి ఎట్ల తింటం? మాతోని కలిసి తిన్నోళ్లే గద." గోడ వైపు చూసి, "ఈ ఇటుకలు మోసినోళ్లల్ల నేనొకణ్ణి. మంట ఆగలేదు, కట్టకపోతే అందరం పోయేటోళ్లం. కని ఆ అమ్మ ఎదురైతే మొఖం జూడలేను" అన్నాడు. 

పైకి వచ్చేసరికి అక్క గని ముందే నిలబడి ఉంది. నా మొహమంతా బొగ్గు. దాన్ని చూసి నవ్వలేదు. "దొరికిందా?" అంది. బ్యాటరీ సంగతి, అతుకు సంగతి చెప్పాను. కళ్లు మెరిశాయి.

"నేను చెప్పలే? ఊకె మొత్తుకోదని! అంటే ఆళ్లు ఆడ కూసున్నప్పుడే, సరిగ్గ గప్పుడే అది పనిజేస్తలేదు. గాలి చెడితే చెప్పేటోడు లేడు. పైన మనం పాత అంకె జూసి మంచిగున్నదనుకుంటున్నం. ఎంత ఘోరం తమ్మీ!" అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత అడిగింది. "గోడ ఎట్లున్నది?"

"సున్నం వేశారక్కా. తెల్లగా ఉంది."

"ముట్టుకున్నవా?"

"ముట్టుకున్నాను. చల్లగా ఉంది."

"సల్లగున్నదా?" అంది. రెండోసారి కూడా అడిగింది. నేను తలూపాను. "అయితే మంట ఆరింది" అంది మెల్లగా. ఇన్నేళ్లుగా ఆమె మనసులో అది మండుతూనే ఉందని అప్పుడు అర్థమైంది.

"కని ఆళ్లు ఆడెందుకు కూసుంటున్నరు? ఇంక జాగ లేదా?"

కొమరయ్య పైన చెప్పొద్దన్నాడు. కానీ పైన అంటే సార్లకని, ఈమెకు కాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మోదుగాకు సంగతి చెప్పాను. మొదటి ముద్దల సంగతి చెప్పాను. ఇటుకలు ఎవరు మోశారో కూడా చెప్పాను.  అవతల బొగ్గు లారీలు పోతున్నాయి. దుమ్ము లేస్తోంది. కొంగుతో ముక్కు మూసుకోవాలన్న ధ్యాస కూడా లేదామెకు.

"ఎప్పటికెళ్లి పెడుతున్నరట?"

"గోడ కట్టిన దగ్గర్నుంచీ అక్కా."

"నేను పెట్టలే తమ్మీ" అంది. "కట్టుకున్నదాన్ని, ఒక్క ముద్ద పెట్టలే. పెడితే పోయిండని ఒప్పుకున్నట్టు అయితదని మొండికేసి కూసున్న. ఆయన ఆకలి పరాయోళ్లు జూసుకున్నరు."

తర్వాత తేరుకుని, మళ్లీ మా గది అక్కలా మాట్లాడింది. "సారుకు అతుకు ఊడిందని మాత్రం చెప్పు. ఆళ్లు కూసుంటున్నరని చెప్పకు, లేపుతరు. ఆళ్లను లేపొద్దు. పక్క దుంగకు ఇంకో కొక్కెం కొట్టుకోమను. తొమ్మిది మాత్రం పలుకుతనే ఉండాలె, ఆళ్లు తినేటప్పుడు గూడ."

అలాగే చేశారు. అతుకు గట్టిగా బిగించారు. కొమరయ్య పక్క దుంగకు పెద్ద మేకు దిగ్గొట్టుకున్నాడు. లాగ్‌లో ఆ వరస రావడం ఆగిపోయింది. పెద్దసార్లు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లారు. తొమ్మిదిని తీసెయ్యమన్న మాట మా సారు మళ్లీ ఎత్తలేదు.

తనిఖీ అయిన మర్నాడు అక్క గదికి రాలేదు. ఆమె ఆలస్యంగా రావడం నేనెరగను. ఏమైందోనని గని ముందుకెళ్తే, అక్కడుంది. మొదటి షిఫ్టు వాళ్లు దిగడానికి తయారుగా ఉన్నారు. చేతిలో పెద్ద క్యారేజీ పట్టుకుని నేరుగా కొమరయ్య దగ్గరికి నడిచింది. అతను మామూలుగానే తల దించుకున్నాడు.

"అన్నా, గిది గూడ తీస్కపోండ్రి" అంది. "చేపల పులుసు వండిన. ముందుగాల ఆయనకు, ఆ ముగ్గురికి పెట్టి, మీరందరు తినుండ్రి."

కొమరయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. "అమ్మా, ఆ గోడ నేను..."

"తెలుసన్నా. కట్టవట్టే గద మిగిలినోళ్లు బతికిండ్రు. దించుకున్నది చాలు, జర తలెత్తు" అంది.

అతను తలెత్తి ఆమెను చూశాడు. ఆ క్యారేజీని రెండు చేతులతో అందుకున్నాడు.

తిండివేళకు అక్క తెర ముందు నిలబడింది. తన డబ్బా విప్పలేదు. కంప్యూటరు వరసగా ఒక్కో నంబరునూ పలకరిస్తోంది. తొమ్మిది పలికింది. మళ్లీ పలికింది. అంకె కాస్త అటూ ఇటూ మారుతూ ప్రతిసారీ కొత్తగా వస్తోంది. ఆమె తెర మీద వేలు ఆనించి అలాగే నిలబడింది, వాళ్లు తిని లేచేంతసేపూ. నేను పలకరించలేదు.

షిఫ్టు దిగే వేళకు మళ్లీ గని ముందుకు వెళ్లింది. నేనూ వెళ్లాను. జట్టంతా పైకి వచ్చారు. కొమరయ్య క్యారేజీ తెచ్చి ఆమె చేతికిచ్చాడు. కడిగి ఉంది. ఆమె మూత తీసి లోపలికి చూసింది. మొత్తం ఖాళీ.

"తిన్నరా అన్నా?"

"తిన్నమమ్మా. ముందు ఆళ్లకు పెట్టే తిన్నం."

"ఉప్పు సరిపోయిందా?"

 "సరిపోయిందమ్మా, మంచిగున్నది" అన్నాడు కొమరయ్య.

అక్క అక్కడే, ఆ బొగ్గు నేల మీద కూలబడిపోయింది. ఖాళీ క్యారేజీని ఒళ్లో పెట్టుకుని, ఆయన పేరు పెట్టి పిలిచి, గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. షిఫ్టు దిగిన మనుషులు ఇళ్లకు పోలేదు. టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఎవరూ ఆమెను ఊరుకోమని అనలేదు.